ఓపెన్ స్పేస్ సమావేశం: ముందే అజెండా లేకుండా 40 మందితో ఒక రోజు ఎలా నడపాలి

"అజెండా లేకుండా మీటింగ్ పెడితే గోల అయిపోదా?"

నేను నడిపిన ప్రతి ఓపెన్ స్పేస్ తర్వాత ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి ఇదే అడుగుతారు. అపార్ట్‌మెంట్ సెక్రటరీలు, టీచర్లు, రైతు సంఘాలు నడిపేవాళ్లు, ఐటీ టీమ్ లీడ్లు, అందరిదీ ఒకటే భయం. అందుకే మొత్తం పద్ధతిని వరుసగా ఇక్కడ రాస్తున్నాను. ఇది చదివి మీ మొదటి సమావేశం మీరే నడపొచ్చు. బయటి మనిషిని పిలవాల్సిన పని లేదు.

ముందు రెండు ముక్కలు ఈ పద్ధతి గురించి. దీన్ని తయారుచేసింది హారిసన్ ఓవెన్ అనే అమెరికన్. ఆయన ఒకసారి పెద్ద అంతర్జాతీయ సదస్సు కోసం ఏడాది పాటు కష్టపడ్డాడు. తీరా అందరూ మెచ్చుకున్నది మధ్యలో కాఫీకి లేచినప్పుడు జరిగిన కబుర్లనే. కాఫీ విరామంలో ఉండే ఆ ఊపుతోనే మొత్తం సమావేశం నడపలేమా అన్న ఆలోచనతో 1985లో కాలిఫోర్నియాలోని మాంటెరీలో మొదటి ఓపెన్ స్పేస్ పెట్టాడు. గుండ్రంగా కూర్చోవడం, గోడ మీద విషయాలు అంటించడం, సంతలో లాగా ఎవరికి కావలసిన చోటికి వాళ్లు వెళ్లడం, ఇంతే దాని నిర్మాణం. 2005లో పాలో ఆల్టోలో మొదలై హైదరాబాద్ దాకా వచ్చిన బార్‌క్యాంపులు, అంటే వచ్చినవాళ్లే విషయాలు పెట్టుకునే టెక్నాలజీ కూటాలు, కూడా ఈ దారిలో నడిచినవే.

ఇది మీకు పనికొస్తుందా? ముందు తేల్చుకోండి

ఈ నాలుగూ ఉంటేనే పెట్టండి:

- సమస్య నిజమైనది, జనానికి అది పట్టింది.
- దానికి జవాబు ఏ ఒక్కరి దగ్గరా పూర్తిగా లేదు.
- రకరకాల మనుషులకు దానితో సంబంధం ఉంది. వాళ్ల మధ్య కొంత పేచీ కూడా ఉంది.
- ఇంకా ఆగితే లాభం లేదు.

ఇవి లేకపోతే మామూలు మీటింగే మేలు. లెక్కల ఆమోదం, ఎన్నికలు, కోరం అవసరమయ్యే తీర్మానాలు మీ బైలా ప్రకారం జనరల్ బాడీలోనే జరగాలి, వాటిని ఇందులో కలపొద్దు. సమాచారం చెప్పడమే పని అయితే ఒక మెసేజ్ చాలు.

అన్నిటికన్నా ముఖ్యంగా, నిర్ణయం ముందే అయిపోయి ఉంటే దయచేసి ఓపెన్ స్పేస్ పెట్టకండి. ఒక సంస్థ నన్ను పిలిచి "మన బ్రాంచి భవిష్యత్తు" మీద రోజంతా నడిపించింది. బ్రాంచి తరలించాలని పైవాళ్లు అప్పటికే సంతకాలు పెట్టేశారని మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపడింది. రెండో పూట వలయంలో కూర్చున్నవాళ్ల ముఖాలు నాకు ఇంకా గుర్తున్నాయి. పొద్దున చెయ్యెత్తి తన విషయం చెప్పిన అమ్మాయి వెళ్లి గోడ మీద నుంచి తన కాగితం తానే పీకేసి, మడిచి బ్యాగులో పెట్టుకుంది. అప్పటి నుంచి ఎవరు పిలిచినా నా మొదటి ప్రశ్న ఇదే: "ఇందులో ఇంకా తేలనిది ఏముంది?" జవాబు తడబడితే ఒప్పుకోను.

కావలసినవి (40 మందికి)

- చేతుల్లేని కుర్చీలు 45. టెంట్ హౌస్‌లో దొరుకుతాయి. బల్లలు వద్దు.
- 40 కుర్చీలు ఒకే వలయంగా వేయడానికి కనీసం 30 అడుగుల వెడల్పున్న చోటు. 60 మంది దాటితే ఒకదాని వెనక ఒకటి రెండు వలయాలు.
- ఖాళీ గోడ, 10 నుంచి 12 అడుగులు. గోడ లేకపోతే రెండు స్తంభాల మధ్య తాడు, బట్టల క్లిప్పులు.
- లావు మార్కర్లు 20. సన్న స్కెచ్ పెన్నులు వద్దు, దూరానికి కనపడవు.
- ఏ4 కాగితాలు, చార్టులు 30, చిన్న స్టిక్కీ నోట్స్ ఒక కట్ట.
- మాస్కింగ్ టేపు 2 చుట్టలు. సెల్లో టేపు పెడితే గోడ రంగు ఊడుతుంది, హాలు వాళ్లతో గొడవ.
- ఒక గంట. ఇంట్లో పూజ గంటైనా సరే.
- రోజంతా టీ, మంచినీళ్లు. "టీ 11 గంటలకు" అని పెట్టకండి, ఫ్లాస్కులు ఒక మూల ఎప్పుడూ ఉండాలి.
- రాయడం రానివాళ్ల కోసం రాసిపెట్టే ఇద్దరు.

వేదిక, పూలదండలు, ఫ్లెక్సీ అక్కర్లేదు. మైకు 60 మంది లోపు అవసరం లేదు. ఉంటే అది ఒకరి చేతిలోనే ఉండిపోతుంది.

1. ప్రశ్న తయారు చేయండి

మొత్తం పనిలో సగం ఇదే. తొందరపడొద్దు, వారం రోజులు తీసుకోండి.

"అసోసియేషన్ పనితీరు మెరుగుదల" అని పెడితే ఎవరికీ ఏమీ అనిపించదు. "బోరు ఎంత లోతు వేయాలి?" అని పెడితే జవాబు మీరే ఇచ్చేసినట్టు, ఇక లోతు గురించి తప్ప మాట్లాడటానికి ఏమీ ఉండదు. "ఈ ఎండాకాలం ట్యాంకర్లు తెప్పించుకోకుండా గడవాలంటే మనం ఏమేం చేయాలి?" అనేది నడిచే ప్రశ్న. వినగానే మనిషి లోపల ఏదో కదలాలి.

పరీక్ష సులువు. ప్రశ్నను కమిటీలో లేని ముగ్గురికి వినిపించండి. ఒకరు వాచ్‌మన్ అవ్వాలి, లేదా అలాంటి పని చేసేవాళ్లు. ఐదు సెకన్లలో ఏదో ఒకటి చెప్పడం మొదలుపెడితే ప్రశ్న బాగుంది. "అంటే ఏంటి సార్?" అంటే మళ్లీ రాయండి.

2. పిలుపు పంపండి

కనీసం రెండు వారాల ముందు. వాట్సాప్ మెసేజ్ ఒక్కటే సరిపోదు, ముఖ్యమైనవాళ్లను నోటితో పిలవండి. పిలుపులో ఇవి ఉండాలి: ప్రశ్న, ఎవరు పిలుస్తున్నారు, తేదీ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, భోజనం ఉందా లేదా, ఇంకా హద్దులు. హద్దులంటే "2 లక్షల లోపు పనులకు కమిటీ వెంటనే సరే అంటుంది, అంతకు మించితే జనరల్ బాడీకి వెళ్లాలి" అన్నట్టు. ఇది ముందే చెబితే సాయంత్రం తగాదా రాదు.

రావాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం అని స్పష్టంగా రాయండి. హాజరు తప్పనిసరి చేస్తే శరీరాలు వస్తాయి, మనసులు రావు. 100 మందిని పిలిస్తే 38 మంది వచ్చారని బాధపడకండి. వాళ్లే కావలసినవాళ్లు.

జాగ్రత్త: సమస్యతో రోజూ చేతులతో పని చేసేవాళ్లను పిలిచారా? నీళ్ల గురించైతే పంపు ఆపరేటర్, పిల్లల చదువు గురించైతే ఆయమ్మ, పంట గురించైతే కౌలు రైతు. మనం మర్చిపోయేది సరిగ్గా వీళ్లనే.

3. చోటు సిద్ధం చేయండి

ముందు రోజు సాయంత్రమే కుర్చీలు వలయంగా వేసేయండి. ఏ కుర్చీకీ ప్రత్యేకత ఉండకూడదు. పెద్దాయన కోసం సోఫా తెచ్చి వేస్తామంటారు. మోకాళ్ల నొప్పులుంటే వేయండి, హోదా కోసమైతే వద్దు. వలయం మధ్యలో నేల మీద కాగితాలు, మార్కర్లు పెట్టండి.

గుంపులు కూర్చోవడానికి 5 చోట్లు ఎంచుకుని, వాటికి కంటికి కనపడే పేర్లు పెట్టండి: వేపచెట్టు, మెట్ల కింద, పార్కింగ్, మేడ మీద, హాలు మూల. మూడు విడతలు అనుకుంటే 5 ఇంటూ 3, మొత్తం 15 ఖాళీలు. ఒక్కో స్టిక్కీ నోట్ మీద ఒక్కో ఖాళీ రాయండి: "వేపచెట్టు, 10:45". ఇవి గోడ పక్కన వరుసగా అంటించండి. విషయం చెప్పినవాళ్లు వాటిలో ఒకటి పీకి తమ కాగితానికి అంటించుకుంటారు. ఎప్పుడు ఎక్కడ అన్న తలనొప్పి అక్కడితో తీరిపోతుంది.

చార్టుల మీద ఈ మాటలు పెద్ద అక్షరాలతో రాసి గోడలకు పెట్టండి:

వచ్చినవాళ్లే సరైనవాళ్లు.
మొదలైనప్పుడే సరైన సమయం.
ఎక్కడ జరిగితే అదే సరైన చోటు.
ఏది జరిగితే అదే జరగగలిగింది.
అయిపోతే అయిపోయినట్టే.

ఇంకో చార్టు మీద రెండు కాళ్ల సూత్రం: "నేర్చుకునేదీ ఇచ్చేదీ లేని చోట కూర్చోవద్దు. లేచి ఇంకో చోటికి వెళ్లండి."

రెండో మాటను చూసి ఆలస్యానికి లైసెన్స్ అనుకునేవాళ్లు ఉంటారు. సమావేశం 9:30కి అంటే 9:30కే గంట కొట్టండి. ఆలోచన మాత్రం గడియారం చూసి రాదు, ఆ మాట చెప్పేది అదే.

రోజు లెక్క ఇలా పెట్టుకోండి: 9:00 టిఫిన్, 9:30 నుంచి 10:30 వలయం, 10:45 మొదటి విడత, 12:00 రెండో విడత, 1:00 భోజనం, 2:00 మూడో విడత, 3:15 పనులు తేల్చుకోవడం, 4:15 ముగింపు వలయం, 5:00 ఇంటికి. ఒక్కో విడత గంట. విడతలను 30 నిమిషాలకు కుదించకండి. పరిచయాలు అయ్యేసరికే గంట మోగుతుంది.

4. మొదలుపెట్టండి

మీరు మాట్లాడేది 15 నిమిషాలు మించకూడదు. వలయం లోపల మెల్లగా నడుస్తూ, అందరి ముఖాలూ చూస్తూ చెప్పండి. ఏం చెప్పాలని అడిగేవాళ్ల కోసం నా మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇస్తున్నాను:

"అందరికీ నమస్కారం. మనం ఈ ప్రశ్న కోసం వచ్చాం. (ప్రశ్న చదవండి.) దీనికి నా దగ్గర జవాబు లేదు, కమిటీ దగ్గరా లేదు. ముక్కలు ముక్కలుగా మీ అందరి దగ్గరా ఉంది. ఈ గోడ ఇప్పుడు ఖాళీగా ఉంది, ఇంకో గంటలో నిండుతుంది. మీకు మనసుకు పట్టిన విషయం, మీరు బాధ్యత తీసుకుని నడపాలనుకునే విషయం ఏదైనా ఉంటే మధ్యలోకి రండి. కాగితం మీద విషయం రాయండి, కింద మీ పేరు రాయండి, గట్టిగా చదవండి, గోడకు అంటించండి. మీరు దాని గురించి అన్నీ తెలిసినవాళ్లు కానక్కర్లేదు. ఒకరు రెండు మూడు విషయాలు పెట్టొచ్చు. రాయడం ఇబ్బందైతే ఇక్కడ ఇద్దరు ఉన్నారు, చెప్పండి, రాస్తారు."

తర్వాత ఐదు మాటలూ, రెండు కాళ్ల సూత్రమూ చదివి ఒక్కో వాక్యంలో వివరించండి. గుంపు నుంచి గుంపుకు తిరిగేవాళ్లు తుమ్మెదల్లాంటివాళ్లు, ఒక చోట విన్నది ఇంకో చోట వాలుస్తారు. ఏ గుంపులోనూ చేరకుండా టీ దగ్గర నిలబడేవాళ్లు సీతాకోకచిలుకలు. వాళ్ల దగ్గరా మంచి కబుర్లు పుడతాయి. ఇద్దరూ కావాలని చెప్పండి. ఇక మాట్లాడకండి.

5. మౌనాన్ని భరించండి

ఇక్కడే చాలామంది పాడు చేస్తారు. ఎవరూ లేవరు. పది సెకన్లు గంటలా అనిపిస్తుంది, మనకు టెన్షన్ పెరిగి "సరే, నేనే ఒకటి చెబుతా" అనేస్తాం. అనకండి. మనసులో 100 దాకా లెక్కపెట్టండి. నా అనుభవంలో ఆ లెక్క పూర్తికాకముందే ఎవరో ఒకరు లేస్తారు. ఒకరు లేస్తే ఐదుగురు లేస్తారు.

హైదరాబాద్‌లో ఒక 120 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో నీళ్ల గురించి పెట్టాం. ఇద్దరు ముగ్గురు బోరు గురించి, ఇంకుడు గుంతల గురించి రాశారు. తర్వాత చాలాసేపు నిశ్శబ్దం. తలుపు దగ్గర నిలబడ్డ పంపు ఆపరేటర్ చేతులు కట్టుకుని అటూ ఇటూ చూస్తున్నాడు. నేను ఏమీ అనలేదు. చివరికి అతనే, "నేను గూడ చెప్పొచ్చా సార్?" అన్నాడు. వచ్చి నిలబడి, "రాత్రి రెండు గంటలకు బీ బ్లాక్ ట్యాంకు పొంగుతోంది, ఎవ్వరికీ తెల్వది" అన్నాడు. రాసే అమ్మాయి "జల వృథా నివారణ" అని మొదలుపెట్టింది. ఆపి, అతను అన్నది అన్నట్టే రాయమన్నాను. ఆ కాగితం దగ్గరకే అందరికన్నా ఎక్కువమంది వచ్చారు.

కాబట్టి రాసేవాళ్లకు ముందే చెప్పండి: మాట మార్చొద్దు, గ్రాంథికం చేయొద్దు, సరిదిద్దొద్దు.

ప్రత్యామ్నాయం: జనం బాగా బిడియస్థులైతే, వలయం మొదలయ్యే ముందు పక్కపక్కన ఉన్న ఇద్దరిద్దరినీ మూడు నిమిషాలు మాట్లాడుకోమనండి. ఆ తర్వాత లేవడం సులువవుతుంది. "ఒక్కొక్కరూ తప్పకుండా ఒక విషయం చెప్పాలి" అని మాత్రం అనకండి.

6. గోడ దగ్గర సంత

విషయాలు ఆగిపోయాక అందరినీ గోడ దగ్గరకు పంపండి. నచ్చిన కాగితాల కింద పేర్లు రాసుకుంటారు. రెండు కావలసినవి ఒకే విడతలో పడితే, వాటిని పెట్టినవాళ్లతో మాట్లాడుకుని మార్చుకుంటారు. మీరు సర్దకండి. 15 నిమిషాలు గోలగా ఉంటుంది, అదే మంచి లక్షణం.

హెచ్చరిక: ఒకేలా కనిపించే రెండు విషయాలను కలపకండి. నేను ఒకసారి టీచర్ల సమావేశంలో "పిల్లలు చదవట్లేదు", "పిల్లలకు చదవడానికి పుస్తకాల్లేవు" అనే రెండు కాగితాలను ఒకటి చేయించాను. మొదటి టీచర్‌కు చదువు వెనకబడ్డ పిల్లల బాధ, రెండో ఆమెకు బీరువాలో తాళం వేసిన లైబ్రరీ గురించి కోపం. కలిసిన గుంపులో ఇద్దరి మాటా సాగలేదు. కలపాలా వద్దా అన్నది వాటిని పెట్టిన ఇద్దరే తేల్చుకోవాలి. ఒకరు వద్దంటే వద్దు.

7. గుంపులు నడుస్తున్నప్పుడు

మీరు చేయాల్సింది దాదాపు ఏమీ లేదు. ఖాళీ టీ కప్పులు ఏరండి, మార్కర్లు అందించండి, ఎండ మారితే కుర్చీలు జరపండి. గుంపుల్లో కూర్చోకండి. కూర్చుంటే అందరూ మీ వైపే చూసి మాట్లాడతారు. విడత మారేటప్పుడు ఒక్కసారి గంట కొట్టండి, అంతే. పంపు ఆపరేటర్ గుంపు వేపచెట్టు కింద పది నిమిషాలు కూడా కూర్చోలేదు. "పైకెక్కి చూద్దాం పదండి" అని ఏడుగురు మేడ మీదకు వెళ్లిపోయారు. అక్కడ ట్యాంకు పక్క గొట్టం కింద నాచు పట్టిన గచ్చును వేలితో గీకి చూపించాడట. కింద ఖాళీ కుర్చీలు చూసి సెక్రటరీ గారు కంగారు పడ్డారు. నేను వద్దన్నాను.

ఒక విషయానికి ఎవరూ రాకపోతే, పెట్టిన మనిషికి మూడు దారులు చెప్పండి: ఒంటరిగా కూర్చుని తన ఆలోచన రాసుకోవచ్చు, ఇంకో విడతలో పెట్టొచ్చు, వదిలేసి వేరే గుంపులో చేరొచ్చు.

ఇక పెద్దల సంగతి. మన దగ్గర ఒక పెద్దాయన మాట్లాడుతుంటే మధ్యలో లేచి వెళ్లడం అమర్యాద. అందుకే రెండు కాళ్ల సూత్రం చార్టు మీద ఎంత పెద్దగా రాసినా జనం కుర్చీకి అంటుకుపోతారు. దీనికి నేను రెండు పనులు చేస్తాను. ఒకటి, ప్రెసిడెంట్ గారికి గానీ, హెడ్‌మాస్టర్ గారికి గానీ ముందు రోజే చెప్పి, మొదటి విడతలో అందరూ చూస్తుండగా ఒక గుంపు నుంచి ఇంకో గుంపుకు వెళ్లమంటాను. ఆయన లేస్తే మిగతావాళ్లకు భయం పోతుంది. రెండోది, లేచేటప్పుడు అనాల్సిన మాట నేర్పుతాను: చేతులు జోడించి "సార్, అవతల గుంపులోనూ విని వస్తాను" అనడం. గౌరవం నిలుస్తుంది, కాళ్లూ కదులుతాయి.

ఆడవాళ్లు వెనక వరుసలో ఉండిపోతున్నారా చూడండి. ఒకే వలయం వేస్తే సగం తీరుతుంది. పసిపిల్లల తల్లుల కోసం ఒక చోటు నీడలో, బాత్రూమ్‌కు దగ్గరగా ఎంచుకోండి. అంత చిన్న ఏర్పాటు లేక ఎంతోమంది మధ్యాహ్నానికి వెళ్లిపోవడం చూశాను.

8. రాసి పెట్టించండి

ప్రతి గుంపూ అర పేజీ ఇవ్వాలి: విషయం, పిలిచినవారు, వచ్చినవారు, ముఖ్యమైన మాటలు, తర్వాత చేయాల్సింది. చేత్తో రాస్తే చాలు. ఫోటో తీసి తర్వాతి విడత మొదలయ్యేలోపు వాట్సాప్ గ్రూపులో పెట్టించండి. రాయలేని చోట రెండు నిమిషాల వాయిస్ రికార్డింగ్ అయినా సరే. "ఇంటికెళ్లి టైప్ చేసి పంపుతా" అన్న నివేదికలు నాకు దాదాపు ఎప్పుడూ రాలేదు.

9. పనులు తేల్చండి, వలయం మూసేయండి

3:15కి నివేదికలన్నీ గోడకు అంటించండి. 15 నిమిషాలు చదవనివ్వండి. ఒక్కొక్కరికీ మూడు చుక్కలు, ముఖ్యమనిపించిన వాటి మీద మార్కర్‌తో పెడతారు. చుక్కలు ఓట్లు కావు, గాలి ఎటు వీస్తోందో చెబుతాయి అంతే. 30 చుక్కలు వచ్చినా చేసే మనిషి లేకపోతే అది అక్కడే ఆగిపోతుంది. మూడు చుక్కలే వచ్చినా ఒకరు పట్టుకుంటే నడుస్తుంది. అందుకే చుక్కల తర్వాత మళ్లీ అందరినీ వలయంలో కూర్చోబెట్టి "వీటిలో దేన్ని ఎవరు పట్టుకుంటారు?" అని అడిగి, మళ్లీ మౌనంగా ఆగండి. లేచినవాళ్లు మూడు సంగతులు చెప్పాలి: పని, తన పేరు, 7 రోజుల్లో వేసే మొదటి అడుగు. వాటిని ఒక చార్టు మీద రాయండి. లేని మనిషి పేరు రాయొద్దు. "మన శేషయ్య గారు చేస్తారులెండి" అన్న మాట వినిపిస్తే, ఆయన ఇక్కడ ఉన్నారా అని అడగండి.

ముగింపు వలయంలో ఒక కర్రో, రాయో, పెన్నో చేతులు మారుతుంది. పట్టుకున్నవాళ్లు ఒకటి రెండు వాక్యాలు చెబుతారు, ఇష్టం లేకపోతే పక్కవాళ్లకు ఇచ్చేస్తారు. ఎవరూ జవాబివ్వకూడదు. 40 మందికి అరగంట పైనే పడుతుంది, దీన్ని కోసేయకండి. శాలువాలు, వందన సమర్పణ ఇంకో రోజు పెట్టుకోండి.

ఎక్కువగా జరిగే తప్పులు

పైన చెప్పినవి కాక, ఇవి మళ్లీ మళ్లీ చూస్తున్నాను.

ముఖ్య అతిథిని పిలవడం. ఆయన 40 నిమిషాల ప్రసంగం అయ్యేసరికి వలయం శ్రోతలుగా మారిపోతుంది. మళ్లీ వక్తలుగా మార్చడం నా వల్ల కాలేదు. ఆయన రావాలనుకుంటే మామూలు మనిషిగా వలయంలో కూర్చోమనండి.

"వన్, టూ, త్రీ" అని లెక్కపెట్టి గుంపులు చేయడం. ఇష్టమైన చోటికి వెళ్లడమే ఈ పద్ధతి ప్రాణం. లెక్కపెట్టారంటే అది వేరే కార్యక్రమం.

కమిటీ వాళ్లు ముందే తలా ఒక విషయం పంచుకుని రావడం. ఖాళీ గోడ అంటే భయంతో చేస్తారు. కానీ జనం పసిగడతారు. "అంతా వాళ్లే మాట్లాడుకున్నారు కదా" అని రెండో కాగితం రాదు.

ఒక విమర్శ కాగితాన్ని "ఇది ఈరోజు వద్దులే" అని పక్కన పెట్టడం. కమిటీ మీద విమర్శైనా గోడ మీదే ఉండాలి. మీరు ఒక్క కాగితం తీసినా, మిగతా 14 కాగితాల మీద నమ్మకం పోతుంది. వ్యక్తి పేరుతో తిట్టు ఉంటే మాత్రం రాసినవాళ్లతో మాట్లాడి, దాన్ని ప్రశ్నగా మార్చమని అడగండి.

ఒక పూటే ఉంటే, జూమ్‌లో అయితే

మూడున్నర గంటలు ఉంటే విడతలు రెండు పెట్టండి, ఒక్కోటి 50 నిమిషాలు. ప్రారంభం 40 నిమిషాలు, ముగింపు 30. పనులు తేల్చడం వేరే రోజుకు వాయిదా వేయండి. అంతకన్నా తక్కువ సమయమైతే వద్దు.

జూమ్‌లో గోడ బదులు అందరూ రాయగలిగే గూగుల్ షీట్ వాడండి. బ్రేక్అవుట్ రూములు తెరిచేటప్పుడు ఎవరి గది వాళ్లే ఎంచుకునే సెట్టింగ్ పెట్టాలి. లేకపోతే జూమ్ తనే పంచేస్తుంది. విదేశాల్లో ఉన్న పాత విద్యార్థులతో పెట్టాలంటే వేసవిలో ఆదివారం ఉదయం 7:30 మనకు వీలు. అప్పుడు డాలస్‌లో శనివారం రాత్రి 9, కాలిఫోర్నియాలో రాత్రి 7. లండన్ వాళ్లకు మాత్రం తెల్లవారుజాము 3, వాళ్లుంటే వేరే సమయం చూడండి. తెర ముందు గంటన్నర దాటాక కచ్చితంగా విరామం ఇవ్వండి.

బాగా జరిగిందా? ఇలా చూసుకోండి

అదే రోజు సాయంత్రం గోడ ఫోటో ముందు పెట్టుకుని నాలుగు లెక్కలు చూడండి. విషయాలు పెట్టినవాళ్లలో కమిటీలో లేనివాళ్లు సగానికి పైగా ఉన్నారా? పెట్టిన విషయాలెన్ని, నివేదికలెన్ని? గుంపులు మారినవాళ్లు కనీసం పది మందైనా ఉన్నారా? మధ్యాహ్నం భోజనం తర్వాత ఎంతమంది మిగిలారు? 40 మందిలో 30 మంది మిగిలితే బాగా జరిగినట్టు. 20కి పడిపోతే ప్రశ్నలోనో, హద్దుల్లోనో లోపం ఉంది. భోజనాన్ని తప్పుపట్టకండి.

ఏడో రోజున పనులు పట్టుకున్నవాళ్లకు ఫోన్ చేయండి. గుర్తు చేయడానికి కాదు, "మీకేమైనా అడ్డం వచ్చిందా?" అని అడగడానికి. 45వ రోజున మళ్లీ చూడండి. కదలని పనులను చార్టు మీద కొట్టేయండి, చేయలేకపోయామని రాయండి. దాచిపెడితే వచ్చేసారి పిలుపుకు ఎవరూ రారు.

బీ బ్లాక్ ట్యాంకుకు నాలుగు రోజుల్లో నీటి మట్టం చూసి మోటారు ఆపే కంట్రోలర్ పెట్టారు. ఆ చార్టు ఇప్పటికీ లిఫ్ట్ పక్కన ఉంది. పూర్తయిన పని ఎదురుగా తేదీ వేసి, టిక్కు ఆ పని చేసినవాళ్లతోనే పెట్టించాలి. అక్కడ టిక్కు పెట్టింది పంపు ఆపరేటరే, రాయడం రాదని కొంచెం వంకరగా పెట్టాడు.